కొత్త కాళ్ళు, పాత ఒళ్ళు

భేతాళ కథలు చదివి పెరిగిన వాళ్ళందరికీ ఆ తలలు మారిన కథ గుర్తుండే వుంటుంది. మొగుడూ, అన్నా ఇద్దరూ అమ్మవారి గుళ్ళో తలలు నరుక్కుంటారు. ఆ పిల్ల గుండెలు బాదుకుంటుంటే అమ్మవారు కరుణించి, తలలు మొండేలకి అతికించమంటుంది. ఆ కంగారులో పాపం ఆ పిల్ల మొగుడి తల అన్న మొండేనికీ, అన్న తల మొగుడి మొండేనికీ అతికించేస్తుంది. ఇద్దరూ లేచి కూర్చుంటారు. ఇప్పుడు చెప్పు రాజా, వీళ్ళల్లో ఆవిడ మొగుడెవరు? విక్రమార్కుడు తడుముకోకుండా జవాబిస్తాడు. అవయవాలన్నిట్లోకీ శిరస్సు ముఖ్యం కనక తల ఎవరిదైతే మనిషి వాడే.

చిన్నప్పుడు ఆ జవాబు విని నేనూ తలూపాను. ఇప్పుడు మాత్రం ఇదే ప్రశ్న బస్సుల విషయంలో వేసుకుంటే, విక్రమార్కుడి తీర్పు నాకు బొత్తిగా నచ్చడం లేదు.

"నవలలు రాసుకునే మనిషివి, నీకు బస్సులతో పనేమిటమ్మా?" అని మీరు అడగొచ్చు. పనుంది. విజయవాడలో వుంటూ ఆటోనగర్ మాట ఎత్తకుండా బతకడం, కృష్ణ ఒడ్డున వుంటూ నీళ్ళ మాట ఎత్తకుండా బతకడంలాంటిది. 1966లో వెలిసిన మన జవహర్ ఆటోనగర్లో లారీలకీ బస్సులకీ ఒళ్ళు తయారవుతుంది. ఫ్యాక్టరీ నుంచి వచ్చేది వుత్త ఛాసీ. అంటే ఇంజనూ, చక్రాలూ, స్టీరింగూ, వాటన్నిటినీ మోసే ఇనుప చట్రమూ అంతే. మద్రాసు రోడ్డుమీద మీరూ చూసే వుంటారు. తలకి తుండుగుడ్డ చుట్టుకుని, గోడల్లేని ఆ అస్థిపంజరం మీద ఎండకీ వానకీ కూర్చుని డ్రైవర్లు వరసగా తోలుకొచ్చేవి ఈ ఛాసీలనే. దానిమీద మిగతా ఒళ్ళంతా ఇక్కడ తొడుగుతారు. దాన్ని బాడీ "కట్టడం" అంటారు మనవాళ్ళు. ఇల్లు కట్టినట్టే. ఆ మాట నాకు చాలా ఇష్టం. మనుషులు వుండబోయే దాన్ని కట్టాలిగాని తగిలించకూడదు.

ఇప్పుడు అసలు సంగతికొస్తాను. పాత బస్సుకి ఛాసీ పాడైపోతుంది, ఇంజను ఆయువు తీరిపోతుంది. బాడీ మాత్రం పైకి నిక్షేపంలా కనిపిస్తూ వుంటుంది. యజమాని కొత్త ఛాసీ కొంటాడు. కొత్త బాడీ కట్టించాలంటే మళ్ళీ లక్షలు కావాలి. అంచేత పాత బాడీని క్రేనుతో లేపి, కొత్త ఛాసీ మీద కూర్చోబెట్టి, రంగు కొట్టించి, దండ వేయించి, నిమ్మకాయలు తొక్కిస్తాడు. ఇదిగో, తల ఒకరిది, మొండెం ఒకరిది! ఇప్పుడు చెప్పు రాజా, ఇది కొత్త బస్సా? పాత బస్సా?

మన రవాణా శాఖవారు విక్రమార్కుడికన్నా గట్టివాళ్ళు. ఛాసీ నంబరు ఏదైతే బండి అదే అంటారు. రిజిస్ట్రేషనుకి దరఖాస్తు పెట్టేటప్పుడు ఆ నంబరుమీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది, అచ్చు తీసి, అంటించమంటారు. సి బుక్కులో వుండే "తయారైన నెల, సంవత్సరం" ఆ ఛాసీ జాతకమే. బాడీ గురించి కూడా ఒక గడి వుంది, కాదనను. బాడీ రకమేమిటి, బస్సా, లారీయా, ట్యాంకరా అని. ఆ బాడీ వయసెంత అని అడిగే గడి మాత్రం లేదు.

ఏమిటమ్మా నష్టం అంటారా? చెబుతాను వినండి. బండి వయసు బట్టే చట్టంలో చాలా లెక్కలు నడుస్తాయి. అద్దెకి తిరిగే బస్సులకీ లారీలకీ ఎఫ్.సి. చేయించాలి కదా. మొదటి 8 ఏళ్ళు రెండేళ్ళకోసారి చేయిస్తే చాలు, ఆ తర్వాత ఏటేటా చేయించాలి. బండి ముసలిదయ్యేకొద్దీ డాక్టరుకి ఎక్కువసార్లు చూపించాలన్న మంచి ఆలోచన అది. మన రాష్ట్రంలో 15 ఏళ్ళు దాటిన బస్సులో బడిపిల్లల్ని ఎక్కించకూడదన్న నిబంధనా వుంది. అదీ మంచిదే. కాని ఈ ఏళ్ళన్నీ ఎక్కణ్ణుంచి లెక్కపెడుతున్నారు? ఛాసీ పుట్టినరోజు నుంచి. పన్నెండేళ్ళ ముసలి బాడీ కొత్త ఛాసీ ఎక్కిందంటే కాగితాలమీద దానికి మళ్ళీ ఒకటో పుట్టినరోజు! ఏటా పరీక్షకి వెళ్ళాల్సిన ముసలిది, రెండేళ్ళకోసారి వెళ్ళే పడుచుదైపోతుంది. పిల్లల్ని ఎక్కించుకోకూడని నాడు కూడా ఎక్కించుకుని పోతుంది.

మరి పిల్లలు కూర్చునేది ఎక్కడండీ? ఛాసీ మీదా? ఇంజను మీదా? బాడీలో! నేల బాడీది. కిటికీ బాడీది. పట్టుకునే కమ్మీ బాడీది. ప్రాణాలమీదకి వచ్చినప్పుడు తెరుచుకోవలసిన వెనకతలుపు బాడీది. బండి బోల్తా పడితే మన నెత్తిమీద కూలకుండా నిలబడాల్సిన పైకప్పు బాడీది. నడిచేది ఛాసీయే, నిజమే. మనం బతికి బయటపడేది మాత్రం బాడీ వల్ల. అందుకే విక్రమార్కుడి తీర్పు నాకు నచ్చలేదన్నాను.

చట్టంలో ఏమీ లేదని అనడం లేదు, అన్యాయంగా మాట్లాడను. 1988 మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షను వుంది. కంపెనీవాడు చెప్పిన వివరాలకి భిన్నంగా బండిని మార్చకూడదని 2000లో దాన్ని బిగించారు. 2019 జనవరిలో కేరళ నుంచి వెళ్ళిన కేసులో సుప్రీం కోర్టు కూడా, అలా నిర్మాణం మార్చిన బండికి రిజిస్ట్రేషను ఇవ్వకూడదని తేల్చింది. అదే ఏడు చట్టం సవరించి, అలా మార్చిన యజమానికి ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానాగాని, ఆరు నెలలదాకా జైలుగాని అన్నారు. కొత్త ఛాసీమీద బాడీ కడితే దానికి ఫారం 22-ఏ అని ఒక కాగితం కావాలి. మొదటి భాగంలో ఛాసీ కంపెనీవాడు, రెండో భాగంలో బాడీ కట్టినవాడు, ఎవరి పని సరిగా వుందని వాళ్ళు సంతకం పెట్టాలి. బస్సుల బాడీ ఎలా వుండాలో చెప్పే కోడ్ ఒకటి వుంది, ఎ.ఐ.ఎస్. 052 అంటారు. లారీలకి 093. తలుపెంత, నడవ ఎంత, అత్యవసర ద్వారం ఎక్కడ, సీటు ఎలా బిగించాలి, అన్నీ అందులో రాసి పెట్టారు.

కనక కాగితం మీద పాత బాడీకి చోటు లేదు. మరి గోలేమిటి? గోలంతా ఆ రెండో భాగం సంతకం దగ్గరే వుంది. "ఈ బాడీ నేను కట్టాను, నిబంధనల ప్రకారం వుంది" అనాల్సిన చోట, ఎవరో ఎప్పుడో కట్టిన దానికి ఇంకెవరో సంతకం పెడితే పట్టుకునేదెవరు? బ్రేకిన్‌స్పెక్టరుగారు వస్తారు. ఛాసీ నంబరు చూస్తారు, కలుస్తుంది. లైట్లు వెలుగుతాయి, బ్రేకు పడుతుంది, హారను మోగుతుంది. కొత్త రంగు నిగనిగలాడుతుంది. రేకు కింద వున్న గొట్టం తుప్పు పట్టిందో లేదో రంగు చెబుతుందా? పెళ్ళిచూపులనాడు పౌడరు చెబుతుందా నిజం?

మా పెద్దమ్మగారి అల్లుడికి గుడివాడ వైపు నాలుగు లారీలూ, రెండు బస్సులూ వున్నాయి. మొన్నామధ్య ఓ పెళ్ళిలో కలిసినప్పుడు ఈ మాటే ఎత్తాను.

"ఏమ్మా మరదలా, ఇప్పుడు లారీలమీద పడ్డావేం? కథలు అయిపోయాయా?" అన్నారు నవ్వుతూ.

"బావగారూ, పాత బాడీ కొత్త ఛాసీ మీద పెట్టడం తప్పా కాదా, అది చెప్పండి ముందు" అన్నాను.

"తప్పేముంది? అప్పటి బాడీలు రాయిలా వుండేవి. ఇప్పుడు కట్టేవి అట్టపెట్టెలు. పాతింటి టేకు ద్వారబంధాలు తీసుకెళ్ళి కొత్తింటికి పెట్టుకోవడంలా? మీ ఆడవాళ్ళు పాత పట్టుచీర అంచు తీసి కొత్త చీరకి వేయించుకోవడంలా? మమ్మల్నే అంటారేం?"

ఆయన మాటకి పెళ్ళిపందిట్లో చుట్టూ వున్నవాళ్ళంతా నవ్వారు. నవ్వించే మాటే. కాని ఆలోచిస్తే నిలిచే మాట కాదు. పాత అంచు వేసిన చీర చిరిగితే ఆ చీర కట్టుకున్న మనిషి చావదు. టేకు ద్వారబంధం గంటకి ఎనభై కిలోమీటర్ల వేగంతో హనుమాన్ జంక్షన్ దాకా వెళ్ళి రాదు. పైగా ద్వారబంధం తెచ్చినవాడు "మా ఇంట్లో అంతా కొత్త కలపే" అని ఎవరి దగ్గరా సంతకం పెట్టడం లేదు.

గట్టిదనం మాటే తీసుకుందాం. ఏ బాడీ అయినా ఫలానా ఛాసీ కొలతలకి కట్టిందే. కింద వుండే అడ్డబద్దెలు ఆ ఛాసీ దూలాలమీద సరిగ్గా కూర్చునేట్టు పెట్టి, యూ బోల్టులతో బిగిస్తారు. కొత్త మోడలు ఛాసీకి చక్రాల మధ్య దూరం వేరు, దూలాల వెడల్పు వేరు, బోల్టుల చోట్లు వేరు. పాత బాడీ దానికి సరిపోవాలంటే ఒకచోట కోయాలి, ఒకచోట అతకాలి, ఇంకోచోట వెల్డింగు పెట్టాలి. వెనక చక్రాలు దాటి తోక ఎంత వేలాడాలో కూడా నిబంధన వుంది. ముందు ఇరుసుకీ వెనక ఇరుసుకీ మధ్య వున్న దూరంలో నూటికి 60 వంతులు మించకూడదు. పొడుగు ఛాసీమీద కట్టిన బాడీని పొట్టి ఛాసీమీద పెడితే తోక పెరుగుతుంది, బరువు వెనక్కి పోతుంది, ముందు చక్రాలకి రోడ్డుమీద పట్టు సడలుతుంది. రాయిలాంటి బాడీయేనండీ, కాదనను. ఎవరి మెడలోనో కట్టిన రాయి.

మన డెల్టాలో ఇంకో సంగతుంది. కైకలూరు వైపునుంచి చేపల లోడు వేసుకుపోయే లారీలు చూడండి. దారిపొడుగునా ఐసు కరిగి కారుతూనే వుంటుంది. బందరు వైపు ఉప్పుగాలి సరేసరి. ఇలాంటి చోట పదేళ్ళు తిరిగిన ఇనుము లోపల్నుంచి తినేయబడుతుంది. పైకి తెలీదు. వంకాయకి పుచ్చు కోస్తేగాని తెలుస్తుందా?

మా చిన్న ఆడపడుచు మనవరాలు వెళ్ళే బడిబస్సు సంగతి కూడా ఇక్కడ చెప్పాలి. బడి పేరు చెప్పను. పసుపురంగు మెరిసిపోతూ వుండేది. "కొత్త బస్సండీ" అని ఫీజు కూడా పెంచారు. వానాకాలం వచ్చేసరికి పిల్ల రోజూ తడిసిన సాక్సులతో ఇంటికి రావడం మొదలెట్టింది. చెరువులో దిగావా అంటే లేదంటుంది. తీరా చూస్తే సీటు కింద నేలరేకు తిని, చక్రం చిమ్మిన నీళ్ళు పైకొస్తున్నాయి! కొత్త బస్సుకి నాలుగు నెలల్లో నేల పోతుందా? బడివాళ్ళు మర్నాడే ఒక రేకుముక్క పరిచి మేకులు కొట్టారు. దాంతో అందరి నోళ్ళూ మూతపడ్డాయి. ఆ నేల వయసెంతో ఈనాటికీ ఎవరికీ తెలీదు. అడిగితే సి బుక్కు చూపిస్తారు. సి బుక్కులో బస్సు కొత్తదే!

ఖర్చు మాటకొద్దాం. "పాత బాడీ వాడుకోనివ్వకపోతే చిన్న యజమాని బతకలేడు, ఆటోనగర్లో పనివాళ్ళకి కూడు దొరకదు" అంటారు. ఇది తలకిందుల మాట. పాత బాడీ లేపి కూర్చోబెడితే నలుగురికి నాలుగు రోజుల పని. కొత్త బాడీ కట్టిస్తే కమ్మరికీ, వడ్రంగికీ, వెల్డరుకీ, రేకుపనివాడికీ, సీట్లు కుట్టేవాడికీ, రంగులవాడికీ వారాల తరబడి పని. మన ఆటోనగర్ పనివాళ్ళ నేర్పు మీద నాకు బోలెడు గౌరవం. ఆ గౌరవంతోనే అంటున్నాను. బాగా కట్టే మేస్త్రీ పేరు బాడీమీద వుండాలి. అతుకులు వేసేవాడి దొంగ సంతకం వల్ల చెడేది ఆ మంచి మేస్త్రీ పేరే. కొండపల్లి బొమ్మ చేసేవాడు కూడా చేతులూ కాళ్ళూ విడివిడిగా చెక్కి అతికిస్తాడు. కాని పాత ఏనుగు ఒళ్ళుకి కొత్త అంబారీ పెట్టి, "ఇవాళే చేశానమ్మా" అనడు.

మూడోవాళ్ళు వుంటారు, వేదాంతులు. "రూల్సు పెడితే లంచాలు పెరుగుతాయేగాని మరేం కాదండీ" అంటారు. కాగితాల మోసానికి కాగితాలే అక్కర్లేదనడం ఎలాంటి మందండీ? 2017 ఏప్రిల్ 1 నుంచి పాత బి.ఎస్. 3 బళ్ళు అమ్మకూడదని సుప్రీం కోర్టు ఆపేసింది. ఆ తర్వాత తుక్కు కింద కొన్న అలాంటి లారీలనే బి.ఎస్. 4 బళ్ళుగా చూపించి ఎక్కడో నాగాలాండులో రిజిస్టరు చేయించారన్న ఆరోపణమీద 2020లో అనంతపురం జిల్లాలో కేసులు నడిచాయి. ఆ కూపీ ఎలా లాగారనుకున్నారు? కాగితాల్లో వున్న వివరాలు పట్టుకునే. ఛాసీ జాతకం కాగితం మీద వుంది కనక ఆరా తీయడానికి ఒక దారం దొరికింది. బాడీకి జాతకమే లేకపోతే ఏ దారం పట్టుకుని లాగుతారు?

ఇంగ్లండులో చాలా ఏళ్ళపాటు ఒక మార్కుల పద్ధతి నడిచింది. బాగా మార్చేసిన కారు పాత నంబరు నిలబెట్టుకోవాలంటే 8 మార్కులు రావాలి. అసలు ఛాసీ వుంటే 5. సస్పెన్షనుకి 2, ఇరుసులకి 2, గేర్లకి 2, స్టీరింగుకి 2. ఇంజనుకి ఒకటే. పైన బాడీకి ఎన్నో తెలుసా? సున్నా! దొరలు కూడా విక్రమార్కుడి శిష్యులే అన్నమాట. కాకపోతే వాళ్ళు ఒక నిజాయితీ పని చేశారు. మార్కులు చాలని బండికి క్యూ అక్షరంతో మొదలయ్యే నంబరు ఇచ్చేవారు. "దీని పుట్టుపూర్వోత్తరాలు మాకు తెలీవు" అని వీధిలో పోయేవాడికి కూడా బోర్డుమీద చెప్పేయడం అది. మన దగ్గర తెలీని దానికి దండ వేసి నిమ్మకాయ తొక్కిస్తాం.

బాడీ అంటే అందచందాలేగా అనుకునేవాళ్ళకి రెండు తేదీలు గుర్తుచేస్తాను. 2013 అక్టోబరు 30న మహబూబ్‌నగర్ జిల్లా పాలెం దగ్గర బస్సు తగలబడి 45 మంది పోయారు. 2025 అక్టోబరు 24న కర్నూలు దగ్గర చిన్న టేకూరులో, హైదరాబాదు నుంచి బెంగుళూరు వెళుతున్న బస్సు తెల్లవారకముందే కాలిపోయి 19 మంది ప్రయాణికులు పోయారు. రెండో బస్సుని కూర్చునే సీట్లతో రిజిస్టరు చేయించి, తర్వాత పడకల బస్సుగా మార్చారని పత్రికల్లో వచ్చింది. ఆ బస్సుల్లో పాత బాడీ పెట్టారని నేననడం లేదు. మంట ఎలా పుట్టిందన్నదీ వేరే సంగతి. పుట్టిన మంటలోంచి మనిషి బయటికి రావడానికి దారి ఇవ్వాల్సింది ఎవరు? ఛాసీయా, బాడీయా? అదొక్కటే నా ప్రశ్న.

ఇంతసేపూ సర్కారునీ, యజమానుల్నీ అన్నాను. ఇక మనల్ని మనం అనుకుందాం. పాలపాకెట్టు మీద తేదీ చూడందే సంచిలో వేసుకోం. మందుబిళ్ళ అట్ట వెనక్కి తిప్పి, కళ్ళజోడు పెట్టుకుని మరీ నెలా సంవత్సరం చదువుతాం. బంగారం కొట్లో హాల్‌మార్కు లేకపోతే గుమ్మం దిగి వచ్చేస్తాం. అంత తెలివైన మనం, పొద్దున్నే పిల్ల జుట్టుకి రిబ్బను కట్టి, టిఫిను డబ్బా చేతికిచ్చి, పుట్టినతేదీ తెలీని ఇనప్పెట్టెలోకి ఎక్కించి, టాటా చెప్పి లోపలికి వచ్చేస్తాం!

నేను కోరేది పెద్ద విప్లవమేమీ కాదు. సి బుక్కులో ఇంకో గడి పెట్టండి. బాడీ కట్టినదెవరు, కట్టిన నెల, సంవత్సరం. ఎఫ్.సి. లెక్కకీ, బడిబస్సు 15 ఏళ్ళ లెక్కకీ ఛాసీ, బాడీ రెండింట్లో ఏది పెద్దదైతే దాని వయసే తీసుకోండి. అదే తేదీని బస్సు ఎక్కే మెట్టు పక్కన, చదువుకున్న ప్రతి ఆడదానికీ కనపడేంత అక్షరాలతో తెలుగులో రాయించండి. నిజంగా పాత బాడీ అంత రాయిలాంటిదే అయితే, పాతదని రాసుకుని, ఏటా పరీక్ష చేయించుకుని, అనుమతి వుందో లేదో చట్టం ముందు తేల్చుకోమనండి. దాచుకుని కొత్తదనిపించుకోవడం మాత్రం కుదరదు.

సర్కారువారు ఆ గడి పెట్టేదాకా మనం వూరికే కూర్చోనక్కర్లేదు. జూన్‌లో బడికి ఫీజు కట్టడానికి వెళ్ళినప్పుడు, డబ్బు కౌంటరుమీద పెట్టేముందు మూడు మాటలు అడగండి. ఈ బస్సు బాడీ ఎవరు కట్టారు? ఏ ఏడు కట్టారు? వెనకతలుపు ఒకసారి నా ఎదురుగా తీసి చూపిస్తారా? ఒక్కరు అడిగితే నవ్వుతారు. పదిమంది అడిగితే విసుక్కుంటారు. వందమంది తల్లులు రసీదు పుస్తకం ముందు నిలబడి అడిగితే, ఆ తలుపుకి పట్టిన తుప్పు ఆదివారం లోపల వదులుతుంది.